మాస్కు గొడవలో కలిసిపోయిన మూడు ప్రశ్నలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. డాలస్‌లో ఉంటున్న మీ తమ్ముడు ఇంటి వాట్సాప్ గ్రూపులో "మాస్కులు పనిచేయవని కోక్రేన్ వాళ్లు తేల్చేశారు, రెండేళ్లు మనల్ని ఊరికే భయపెట్టారు" అని పెట్టాడు. కోక్రేన్ అంటే వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే అంతర్జాతీయ సంస్థ. అది చదివి మీ నాన్నగారు, ఆయాసంతో బాధపడే మీ అమ్మగారిని మాస్కు లేకుండానే ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. మీరు వద్దంటే మాటామాటా పెరుగుతోంది. మాస్కు నిజంగా పనిచేసిందా, ఆ లాక్‌డౌన్ అవసరమేనా, రేపు మళ్లీ ఇలాంటిదే వస్తే ఎవరి మాట వినాలి అని అడిగారు.

నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ సర్వీసులో ఛాతీ వైద్యుడిగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం క్షయ వార్డుల్లోనే గడిచింది. రిటైర్ అయ్యే ముందు రెండేళ్లు కోవిడ్ వార్డు చూశాను. గాలి ద్వారా అంటుకునే జబ్బులతోనే నా ఉద్యోగమంతా సాగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

"మాస్కు పనిచేస్తుందా" అని ఒక్క ముక్కలో అడుగుతాం గానీ అందులో మూడు ప్రశ్నలున్నాయి. ముక్కునూ నోటినీ సరిగ్గా మూసిన మంచి మాస్కు, వైరస్ ఉన్న గాలిని వడకడుతుందా? ఊళ్లో అందరినీ మాస్కు పెట్టుకోమని చెబితే ఊళ్లో జబ్బు తగ్గుతుందా? పెట్టుకోనివాడి దగ్గర వెయ్యి రూపాయలు ఫైన్ వసూలు చేయడం సబబేనా? మొదటిది భౌతికశాస్త్రం. రెండోది మనుషుల అలవాట్లకు సంబంధించినది. మూడోది ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య ఉండే లెక్క. మూడింటికీ జవాబులు వేరు. మీ తమ్ముడు రెండో ప్రశ్నకు వచ్చిన జవాబును తెచ్చి మొదటి ప్రశ్నకు అతికించాడు. మీ ఇంట్లో గొడవంతా అక్కడే ఉంది.

ముందు మొదటిది. వైరస్ సైజు మైక్రాన్‌లో (అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో) పదో వంతు, మాస్కు గుడ్డలో రంధ్రాలు అంతకంటే పెద్దవి, మరి ఎలా ఆపుతుంది అని చాలామంది అడుగుతారు. మాస్కును జల్లెడ అనుకోవడం వల్ల వచ్చే అనుమానం ఇది. ఎన్95 మాస్కులోని మధ్య పొర సన్నటి పోగుల చిక్కు అడవి లాంటిది. పెద్ద కణాలు గాలితోపాటు మలుపు తిరగలేక పోగులకు కొట్టుకుని అతుక్కుంటాయి. మరీ చిన్నవి ఒక దారిన పోకుండా అటూ ఇటూ కొట్టుకులాడుతూ పోగులకు తగులుతాయి. ఈ రెంటికీ మధ్యలో ఉన్న 0.3 మైక్రాన్ల కణాలను పట్టడమే అన్నిటికంటే కష్టం. అందుకే పరీక్ష ఆ సైజు దగ్గర పెట్టారు. అక్కడ 95 శాతం ఆపితేనే ఆ పేరు ఇస్తారు. పైగా ఆ పోగులకు విద్యుదావేశం ఉంటుంది, కణాలను లాక్కుంటాయి. సబ్బు పెట్టి ఉతికితే ఆ ఆవేశం పోతుంది. మాస్కు చూడటానికి అలాగే ఉంటుంది, పని మాత్రం సగం చచ్చిపోతుంది. ఇంకో సంగతి, వైరస్ ఒంటరిగా గాలిలో ఎగరదు. మనం మాట్లాడినా దగ్గినా బయటికొచ్చే తడి కణాల్లో ఉండి ప్రయాణిస్తుంది.

కాబట్టి అంచుల నుంచి గాలి పోకుండా బిగుతుగా కూర్చున్న ఎన్95 పెట్టుకున్న మనిషికి రక్షణ ఉంటుంది. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. సర్జికల్ మాస్కు బట్ట మంచిదే కానీ బుగ్గల పక్కన సందులుంటాయి. ఒంటి పొర గుడ్డ మాస్కు బాగా తక్కువ. గడ్డం కింద వేలాడే మాస్కు అసలు మాస్కే కాదు. కవాటం (ఊపిరి బయటికి పోయే వాల్వు) ఉన్న ఎన్95లు పెట్టుకున్నవారిని కాపాడతాయి గానీ వారు వదిలే గాలిని వడకట్టకుండా బయటికి పంపేస్తాయి. వాటిని వాడొద్దని 2020 జులైలోనే కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది.

ఇక్కడ కాస్త పాత కథ చెప్పాలి. అది తెలియకపోతే 2020లో జరిగిన తికమక అర్థం కాదు.

1950ల్లో బాల్టిమోర్‌లో ఒక క్షయ వార్డు పైన గినీ పందులను ఉంచి, వార్డులోని గాలిని గొట్టాల ద్వారా వాటికి మళ్లించారు. రోగులను అవి చూసింది లేదు, ముట్టుకున్నది లేదు. అయినా వాటికి క్షయ వచ్చింది. అదే గాలిని అతినీలలోహిత కిరణాల గుండా పంపి ఇచ్చిన గినీ పందులకు రాలేదు. క్షయ గాలి ద్వారా వస్తుందని అలా రుజువైంది. క్షయ క్రిమి ఊపిరితిత్తుల లోపలి గాలిగదుల దాకా చేరాలంటే కణం 5 మైక్రాన్ల లోపు ఉండాలి. క్షయకు సంబంధించిన ఆ అంకె కాలక్రమంలో వేరే అర్థంలో పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది. 5 మైక్రాన్లకు మించినదేదైనా మీటరు, రెండు మీటర్ల లోపు నేల మీద పడిపోతుందని తరతరాల డాక్టర్లం చదువుకున్నాం. అది తప్పు. నేల మీద తొందరగా పడిపోవాలంటే కణం 100 మైక్రాన్ల దరిదాపుల్లో ఉండాలి. అంతకంటే చిన్నవి గదిలో చాలాసేపు తేలుతూనే ఉంటాయి.

ఈ తప్పు ఎంత ఖరీదైందో చూడండి. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ "కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదు" అని సోషల్ మీడియాలో ప్రకటించింది. దానికి పద్దెనిమిది రోజుల ముందే, మార్చి 10న, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ కౌంటీలో ఒక బృందగాన సాధన జరిగింది. మూసిన హాల్లో రెండున్నర గంటలు పాడారు. వచ్చింది 61 మంది. వారిలో ఒకరికి అప్పటికే జలుబు లక్షణాలున్నాయి. చివరికి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. తుంపర్లు రెండు మీటర్లలో పడిపోయేటట్టయితే ఇది జరిగేది కాదు. ఆ జులైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి "గాలిని పట్టించుకోండి" అని బహిరంగ లేఖ రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మాటను స్పష్టంగా మార్చుకునేసరికి 2021 వేసవి వచ్చింది.

జబ్బు ఎలా వస్తుందన్న దగ్గర పొరపాటు పడితే ఆంక్షలన్నీ పక్కదారి పడతాయి. మనకు అదే జరిగింది. కూరగాయలు సబ్బునీళ్లలో కడిగాం. పాలప్యాకెట్లు తుడిచాం. ఊరూరా వీధుల్లో హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారక మందు చల్లాం. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఊళ్లకు తిరిగొచ్చిన వలస కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి వాళ్ల ఒంటి మీదే మందు కొట్టారు. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క చెప్పింది: వైరస్ ఉన్న వస్తువును ముట్టుకుంటే జబ్బు సోకే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువ. ఈలోగా గాలి ధారాళంగా ఆడే పార్కులకూ బీచ్‌లకూ తాళాలు వేశాం. 2020 జూన్ 8 నుంచి మాల్స్, హోటళ్లు తెరిచినా ఎన్నో చోట్ల పార్కుల గేట్లు మూసే ఉన్నాయి. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో మనుషులు కూర్చోవచ్చు, చెట్ల కింద నడవకూడదు! ఛాతీ వైద్యుడిగా అది చూస్తుంటే నాకు కడుపు రగిలిపోయేది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి పాత క్షయ శానటోరియాల్లో (రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రుల్లో) పెద్ద పెద్ద కిటికీలు, వరండాలు ఎందుకు పెట్టారో మన పెద్ద డాక్టర్లకు తెలుసు. ఆ జ్ఞానం మన ఇంట్లోనే ఉంది, వాడుకోలేదు.

జపాన్ వాళ్లు మాత్రం 2020 మార్చిలోనే సామాన్యులకు మూడు మాటలు చెప్పారు: మూసి ఉన్న చోటు, కిక్కిరిసిన చోటు, మొహంలో మొహం పెట్టి మాట్లాడే చోటు, ఈ మూడూ కలిసే దగ్గరికి వెళ్లొద్దని. ఆ ఒక్క వాక్యం మన జీవోలన్నింటి కంటే ఎక్కువ ఉపయోగపడేది.

మాస్కుల మీద జనానికి నమ్మకం ఎక్కడ పోయింది? నా లెక్కలో అది మొదటి రెండు నెలల్లోనే పోయింది. 2020 ఫిబ్రవరి 29న అమెరికా ప్రభుత్వం తరఫున ప్రజలకు ఆరోగ్య సలహాలిచ్చే పెద్ద డాక్టరు, సర్జన్ జనరల్, "మాస్కులు కొనడం ఆపండి, మామూలు జనానికి అవి పనిచేయవు" అన్నారు. అదే నోటితో అవి ఆసుపత్రి సిబ్బందికి దొరక్కపోతే ప్రమాదమన్నారు. పనిచేయనిదైతే నర్సుకు ఎందుకు, పనిచేసేదైతే నాకెందుకు వద్దు అని ఏ మామూలు మనిషైనా అడుగుతాడు. ఏప్రిల్ 3న అమెరికా మాట మార్చి గుడ్డ కట్టుకోమంది. మన కేంద్ర ఆరోగ్య శాఖ మర్నాడు, ఏప్రిల్ 4న, ఇంట్లో కుట్టుకున్న మాస్కులు పెట్టుకోమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5 దాకా ఆగింది. "మాస్కులు తక్కువగా ఉన్నాయి, ఉన్నవి ముందు వార్డుల్లో పనిచేసేవాళ్లకు ఇవ్వనివ్వండి, మీరు రెండు మడతల గుడ్డ కట్టుకోండి" అని మొదటిరోజే నిజం చెప్పి ఉంటే జనం వినేవాళ్లు. మన జనం అంత అర్థం చేసుకోలేని వాళ్లు కాదు.

కొరత ఎలా ఉండేదో నేను చూశాను. మా వార్డులో ఒక్కో నర్సుకు వారానికి ఒక ఎన్95. డ్యూటీ అయ్యాక దాన్ని కాగితం కవరులో పెట్టి, పైన పేరు రాసి, తాడుకు వరసగా వేలాడదీసేవాళ్లం, ఆరాక మళ్లీ వాడటానికి. నాతో పదకొండేళ్లు పనిచేసిన హెడ్ నర్సు 2020 ఆగస్టులో జబ్బుపడి, మా వార్డులోనే చనిపోయింది. ఆమె కవరు ఆ తాడు మీద ఇంకో నాలుగు రోజులు ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. నర్సీపట్నంలో ఎన్95లు లేవని బయటికి చెప్పిన మత్తు డాక్టరును ఆ ఏప్రిల్‌లో సస్పెండ్ చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మాస్కు అడిగితే శిక్ష, నెల తిరగకుండానే మాస్కు లేకపోతే శిక్ష. ఇక జనం ఏం నమ్ముతారు?

సరే, ఇప్పుడు మీ తమ్ముడు పంపిన కోక్రేన్ దగ్గరికి వద్దాం. 2023 జనవరిలో వచ్చిన సమీక్ష అది. శ్వాసకోశ వైరస్‌లను అడ్డుకునే పద్ధతుల మీద జరిగిన 78 ప్రయోగాలను కలిపి చూశారు. వాటిలో చాలా వరకు కోవిడ్‌కు ముందు ఫ్లూ మీద జరిగినవి. కోవిడ్ కాలంలో మామూలు జనం మధ్య మాస్కుల మీద జరిగినవి రెండే: డెన్మార్క్‌లో ఒకటి, బంగ్లాదేశ్‌లో ఒకటి. సమీక్షలో తేలిందేమిటంటే, మాస్కు పెట్టుకోమని ప్రచారం చేయడం వల్ల జబ్బు తగ్గిందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలలేదు అని. "మాస్కులు పనిచేయవని తేలింది" అని పత్రికల్లో వచ్చేసరికి, మార్చి 10న కోక్రేన్ ప్రధాన సంపాదకురాలే ప్రకటన ఇచ్చి అలా చెప్పడం సరికాదు, తప్పుదోవ పట్టించడమే అన్నారు. మీ తమ్ముడికి ఆ ప్రకటన పంపండి.

ఆ రెండు ప్రయోగాలూ విడిగా చూస్తే మనకు ఎక్కువ తెలుస్తుంది. డెన్మార్క్‌లో 2020 వేసవిలో ఆరు వేలమందిని తీసుకున్నారు. సగం మందికి మాస్కులిచ్చారు. నెల తర్వాత మాస్కు గుంపులో 1.8 శాతం మందికి, రెండో గుంపులో 2.1 శాతం మందికి సోకింది. ఆ తేడా కాకతాళీయం కావచ్చు, లెక్కల ప్రకారం దాని మీద ఏమీ చెప్పలేం. అప్పుడు అక్కడ ఊళ్లో జబ్బే తక్కువ, పైగా మాస్కు గుంపులో చెప్పినట్టు పూర్తిగా పెట్టుకున్నది సగం మంది కూడా లేరు. ఇంకో మాట, ఆ ప్రయోగం పెట్టుకున్నవాడికి రక్షణ ఉందా అన్నది మాత్రమే చూసింది. జబ్బున్నవాడు పెట్టుకుంటే పక్కవాడికి మేలా అన్నది అందులో లేనే లేదు.

బంగ్లాదేశ్‌ది నాకు చాలా ఇష్టమైన ప్రయోగం. పల్లెలు, మసీదులు, సంతలు, అన్నీ మన ఊళ్ల లాంటివే. 600 గ్రామాలు, 3.4 లక్షలమంది పెద్దవాళ్లు. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా నడిచింది. సగం గ్రామాల్లో ఇంటింటికీ ఉచితంగా మాస్కులిచ్చారు. ఇమామ్‌లూ ఊరి పెద్దలూ ముందు తాము పెట్టుకుని చూపించారు. సంత దగ్గర కార్యకర్తలు నిలబడి, లేనివాళ్లను ఆపి, మర్యాదగా ఒకటి చేతిలో పెట్టారు. దానితో మాస్కు పెట్టుకునేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. లక్షణాలు కనబడి, రక్తపరీక్షలో రుజువైన కోవిడ్ దాదాపు 9 శాతం తగ్గింది. సర్జికల్ మాస్కులు ఇచ్చిన ఊళ్లలో 60 దాటినవాళ్లలో 35 శాతం తగ్గింది. గుడ్డ మాస్కులు ఇచ్చిన ఊళ్లలో మేలు అంత స్పష్టంగా కనబడలేదు. మాస్కు పెట్టుకుంటే ధైర్యం వచ్చి ఒకరి మీద ఒకరు పడతారని భయపడ్డారు గానీ, ఆ ఊళ్లలో జనం ఇంకాస్త దూరం పాటించారు.

తొమ్మిది శాతమేనా అంటారు మీ తమ్ముడు. అది మాస్కు శక్తి కాదమ్మా. పదిమందిలో ముగ్గురు కొత్తగా పెట్టుకుంటే ఊరి మొత్తానికి వచ్చిన మేలు అది. రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే: ఊరికి కొంత మేలు, ముసలివాళ్లకు మరికాస్త మేలు. మాస్కు ఒక్కటే మహమ్మారిని ఆపుతుందని చెప్పినవాళ్లూ తప్పే చెప్పారు.

లాక్‌డౌన్ గురించి. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటించి అర్ధరాత్రి నుంచి దేశం మూసేశారు. అప్పటికి దేశంలో బయటపడిన కేసులు 500 పైచిలుకు. ఆ మొదటి మూడు వారాలను నేను అప్పుడూ సమర్థించాను, ఇప్పుడూ సమర్థిస్తాను. మా దగ్గర ఆక్సిజన్ పైపులైన్ ఉన్న మంచాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. టెస్టు చేసే ల్యాబ్ కోసం శాంపిల్ వేరే ఊరు పంపేవాళ్లం. ఆ సమయంలో కొన్ని మంచాలు, కొంత శిక్షణ సమకూరాయి. లాక్‌డౌన్ కొనిపెట్టేది సమయాన్నే, అంతకు మించి ఏమీ కాదు.

కానీ నాలుగు గంటల వ్యవధి ఇవ్వడం నేను ఎప్పటికీ ఒప్పుకోలేను. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమంటే, పోలీసులిచ్చిన పాసులు పట్టుకుని బయల్దేరిన ఆంధ్రా పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటలకొద్దీ రోడ్డు మీద నిలబడ్డారు. ములుగు జిల్లాకు మిర్చి కోతలకొచ్చిన పన్నెండేళ్ల పాప ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడుచుకుంటూ వెళ్తూ, ఇంకాసేపట్లో ఇల్లు చేరుతుందనగా ప్రాణం విడిచింది. వలస కూలీల కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హతియాకు కదిలింది మే 1న. మార్చి 24 నుంచి మే 1 దాకా వాళ్లు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు? ఆంక్ష పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న అది.

నా శాఖలో జరిగిన నష్టం కంటికి కనబడనిది. 2019లో దేశంలో 24 లక్షలమంది క్షయ రోగులు నమోదయ్యారు. 2020లో 18 లక్షలే. జబ్బు తగ్గి కాదు. బస్సులు లేవు, తెమడ పరీక్ష చేసే సిబ్బంది కోవిడ్ డ్యూటీలో ఉన్నారు, దగ్గు అంటేనే జనానికి భయం. ఆ తేలని ఆరు లక్షలమంది ఇళ్లలో ఉండి, తలుపులు వేసుకుని, తమ పిల్లలకు అంటించారు. బడుల సంగతి ఇంకా బాధ. తెలంగాణలో 2020 మార్చిలో మూసిన బడులు, పై తరగతులకు మధ్యలో కొన్ని వారాలు తెరిచారన్న మాటే గానీ, చిన్నపిల్లలకు 2021 సెప్టెంబరు దాకా సరిగ్గా తెరవలేదు. పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2022లో జరిగింది. అందులో, దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 20.5 శాతమే. 2018లో 27.3 శాతం ఉండేవాళ్లు. బార్లు తెరిచి బడులు మూసిన నిర్ణయానికి వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

అలాగని మీ తమ్ముడు చెప్పినట్టు "ఊరికే భయపెట్టారు" అంటే మాత్రం నేను ఊరుకోలేను. మన అధికారిక లెక్క ప్రకారమే 5.3 లక్షలమంది పోయారు. 2020, 21 రెండేళ్లలో మామూలుగా కంటే అదనంగా పోయినవాళ్లు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. ఏది నిజమన్నది పక్కన పెట్టినా, 2021 మే నెలలో శ్మశానాల ముందు వరసలు మనమంతా చూశాం కదా.

2020 అక్టోబరులో ముగ్గురు ప్రొఫెసర్లు, వారిలో ఇద్దరు కలకత్తాలో పుట్టినవారు, గ్రేట్ బారింగ్టన్ ప్రకటన అని ఒకటి విడుదల చేశారు. ముసలివాళ్లను కాపాడుకుంటూ మిగతావాళ్లను మామూలుగా తిరగనివ్వండి అని దాని సారం. పది రోజుల్లో వేరే శాస్త్రవేత్తలు జాన్ స్నో మెమొరాండం పేరుతో దానికి జవాబిచ్చారు, అది కుదరదని. ఈ చర్చ మన దేశంలోని ఇళ్లను చూడకుండా జరిగిందని నాకు అనిపిస్తుంది. రెండు గదుల ఇంట్లో నాయనమ్మ, కొడుకు, కోడలు, మనవళ్లు. కొడుకు ఆటో నడపాలి. నాయనమ్మను ఏ గదిలో కాపాడతారు? బడులు తెరవాలన్న వాళ్ల మాటలో నిజముంది. ముసలివాళ్లను విడిగా ఉంచవచ్చన్న మాట మాత్రం మన దగ్గర చెల్లదు.

మన దగ్గర చేసిన ఒక మంచి పని గురించి ఎవరూ మాట్లాడరు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది వీధివీధి తిరిగి సేకరించిన కాంటాక్టుల వివరాలతో 2020 సెప్టెంబరులో 'సైన్స్' పత్రికలో పెద్ద అధ్యయనం వచ్చింది. 85 వేలమంది రోగులు, వాళ్లతో కలిసిన 5.75 లక్షలమంది. జబ్బు వచ్చినవాళ్లలో 70 శాతం మంది ఎవరికీ అంటించలేదు. 8 శాతం మంది నుంచే 60 శాతం కొత్త కేసులు వచ్చాయి. అంటే జబ్బు అందరి నుంచీ సమానంగా పాకలేదు, కొన్ని సందర్భాల్లో గుంపుగా పేలింది. ఆ ఏప్రిల్‌లో విజయవాడ కృష్ణలంకలో పేకాట దగ్గర, సూర్యాపేటలో అష్టాచెమ్మా దగ్గర పదుల మందికి సోకిందని పేపర్లు రాశాయి గుర్తుందా? ఆ ఆడినవాళ్లను తిట్టుకున్నాం, వాళ్ల వీధుల పేర్లు చెప్పి దూరం పెట్టాం. అందులోంచి నేర్చుకోవాల్సింది వేరు: ఇరుకు గదిలో గంటలతరబడి ఎదురెదురుగా కూర్చోవడం ప్రమాదం, రోడ్డు మీద పక్కనుంచి నడిచిపోయే మనిషి కాదు. ఆ నేర్చుకున్నది ఆంక్షల్లోకి రాలేదు. 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్ లేస్తుంటే తిరుపతి, నాగార్జునసాగర్ ఉప ఎన్నికల సభలు సాగాయి. మే నెలలో ఆంధ్రా నుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇస్తే గానీ దారి తెరుచుకోలేదు. ఊపిరాడని మనిషిని చెక్‌పోస్టు దగ్గర ఆపడం వల్ల ఏ వైరస్ ఆగుతుంది?

ఆంక్ష అవసరమా కాదా అన్నది కూడా మందులాగే పరీక్షించి తేల్చవచ్చు, ఆ పని చేసి చూపించింది మన దేశమే. 1950ల దాకా క్షయ రోగిని శానటోరియంలో ఉంచి తీరాలి, ఇంట్లో ఉంటే అందరికీ అంటిస్తాడు అనే నియమం ఉండేది. మద్రాసులో రోగులను రెండు భాగాలు చేసి, కొందరికి శానటోరియంలో, కొందరికి వాళ్ల ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకూ అంతే బాగా తగ్గింది, వాళ్ల కుటుంబాల్లో జబ్బు ఎక్కువ కాలేదు. ప్రపంచమంతా శానటోరియాలు మూతపడ్డాయి. కోట్లమంది ఇళ్లకు దూరంగా ఏళ్లు గడపాల్సిన బాధ తప్పింది. కోవిడ్‌లో పెట్టిన ఆంక్షల్లో ఇలా పరీక్షకు నిలబెట్టినవి ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక మూడో ప్రశ్న, ఫైన్. తెలంగాణలో 2020 మేలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయలు అన్నారు. రోజు కూలీకి అది రెండు మూడు రోజుల తిండి. ఒంటరిగా బండి మీద వెళ్లేవాడిని ఆపి రాశారు, ఏసీ ఫంక్షన్ హాల్లో పెళ్లి భోజనాలకు మాస్కు తీసి కూర్చున్న నాలుగొందల మందిని ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో, బస్సులో, రైల్లో మాస్కు తప్పనిసరి చేయడం సబబే. అక్కడ నా పక్కన కూర్చునేవారిని నేను ఎంచుకోలేను, క్యాన్సరు మందులు తీసుకునే మనిషి ఉండవచ్చు. కానీ ఎప్పుడు తీసేస్తారో కూడా ఆ రోజే చెప్పాలి. జబ్బు ఇంత స్థాయికి దిగితే ఈ నియమం పోతుంది అని. అదీగాక ముందు మాస్కు చేతిలో పెట్టాలి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఒక్క రూపాయి ఫైన్ లేకుండా మాస్కు పెట్టుకునేవాళ్లు మూడు రెట్లయ్యారు.

రేపు ఇంకో జబ్బు వస్తే ఎవరి మాట వినాలి అన్నారు. మొదట్లో మాట మారుతుంది, మారాలి కూడా. నిన్న ఇలా అనుకున్నాం, ఈ కారణంగా ఇవాళ మార్చుకున్నాం అని చెప్పేవారి మాట వినండి. మాట మార్చి, ఎప్పుడూ ఇదే చెప్పాం అనేవారిని నమ్మకండి. అది ప్రభుత్వమైనా, యూట్యూబ్ డాక్టరైనా.

మీ అమ్మగారి విషయం. ఆవిడకు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై తగ్గకుండా ఉండే ఆయాసం జబ్బు, అని రాశారు. ఆసుపత్రి ఓపీలో గంటన్నర కూర్చుంటారని కూడా రాశారు. కోవిడ్ సంగతి వదిలేయండి, ఆ బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చునేవాళ్లలో ఫ్లూ, క్షయ, ఏదైనా ఉండొచ్చు. ఒక ఫ్లూతో ఆవిడ ఊపిరితిత్తులు ఆరు నెలలు వెనక్కి పోతాయి. ఎన్95 కొనండి, కవాటం లేనిది, చెవులకు కాకుండా తల వెనక రెండు పట్టీలు ఉండేది. పెట్టాక ముక్కు మీది తీగ నొక్కి, గట్టిగా ఊపిరి వదలమనండి. కళ్లజోడు మీద ఆవిరి పడితే సరిగ్గా కూర్చోలేదని అర్థం. ఆయాసం ఉన్నవారికి ఎన్95లో గంటసేపు ఉండటం కష్టం కావచ్చు. ఇంట్లో పది నిమిషాలు పెట్టి చూడండి, ఓర్చుకోలేకపోతే సర్జికల్ మాస్కు పెట్టి, అంచులు మొహానికి అతుక్కునేలా చూడండి. ఉతకవద్దు. నలిగిపోతే, తడిస్తే మార్చేయండి. నాలుగు మాస్కులు ఉంచుకుని, ఒక్కో రోజు ఒకటి వాడి కాగితం కవరులో ఆరనివ్వండి. ఓపీలో నంబరు తీసుకుని, పిలిచేదాకా ఆవిడను బయట చెట్టు కింద కూర్చోబెట్టమని నాన్నగారితో చెప్పండి, లోపల మీరు నిలబడండి. వాకింగ్‌లో, డాబా మీద ఆవిడకు మాస్కు అక్కర్లేదు. ఫ్లూ టీకా ఏటా వేయించండి, న్యుమోనియా టీకా వేయించారో లేదో మీ డాక్టరుగారిని అడగండి. ఇంటికి జలుబుతో ఎవరైనా వస్తే మాస్కు వాళ్లకు ఇవ్వండి, కిటికీలు తెరవండి. మీ తమ్ముడు ఈ సంక్రాంతికి వస్తున్నాడన్నారు కదా, విమానం దిగిన మొదటి మూడు నాలుగు రోజులు అమ్మ గదిలో కూర్చునేటప్పుడు అతనూ ఒకటి పెట్టుకుంటే మంచిది. పెట్టుకోనంటే గొడవపడకండి, మంచం వరండాలోకి మార్చండి.